నా పీపాలో ఆయన ఈస్ట్ వేశారు

జర్మనీలోని మోజెల్ నదీ లోయ నుంచి ఒక పాఠకురాలు పదకొండు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరారు. ఉత్తరం సారాంశం ఇది.

ఆమెకు 34 ఏళ్లు. పుట్టి పెరిగింది హైదరాబాదు శివార్లలో, మేడ్చల్ వైపు. నాన్నగారికి ఆరెకరాల ద్రాక్ష తోట ఉండేది. రాతి కడీల మీద తీగల పందిరి, మొదట అనాబ్-ఎ-షాహీ, తర్వాత థాంసన్. ఆమె పదో తరగతిలో ఉండగా ఆ తోటను ప్లాట్ల కోసం అమ్మేశారు. కడీలు పీకి లారీకి ఎత్తిన రోజు నాన్న ఇంటికి రాకుండా చీకటిపడే దాకా గట్టు మీదే కూర్చున్నారట. తర్వాత ఆమె ఉద్యాన శాస్త్రం చదివి, ద్రాక్ష సాగు, వైన్ తయారీలలో పై చదువు కోసం జర్మనీలోని గైజెన్‌హైమ్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ తనతో చదివిన అబ్బాయినే పెళ్లి చేసుకున్నారు.

అత్తవారిది తరతరాలుగా ద్రాక్ష పండించి వైన్ చేసే ఇల్లు. తోట నాలుగున్నర హెక్టార్లు, అంటే పదకొండు ఎకరాల పైచిలుకు. అందులో మూడు హెక్టార్లు నిలువు కొండవాలు మీద రీస్లింగ్ అనే ద్రాక్ష రకం. మిగిలింది నది ఒడ్డున చదును నేలలో ముల్లర్-తుర్గావ్ అనే మరో రకం. ఎనిమిదేళ్లుగా ఆమె, భర్త అక్కడే పనిచేస్తున్నారు. భూమి, బ్యాంకు ఖాతా, లైసెన్సు అన్నీ 69 ఏళ్ల మామగారి పేరు మీదే ఉన్నాయి. కొడుకుకు జీతం ఇస్తారు. కోడలికి పూటలెక్కన కొంత ఇస్తారు. ఆడపడుచు కొలోన్‌లో ఉంటారు. తోటలోకి రారు, తన వాటా మాట మాత్రం మరవరు.

2024 ఏప్రిల్ చివరి మంచుదెబ్బకు ఆ ఏడాది కాపులో మూడింట రెండు వంతులు పోయింది. ఆ తర్వాత ఆమె మామగారి ముందు మూడు ప్రతిపాదనలు పెట్టారు. ఒకటి, చదును నేలలోని ముల్లర్-తుర్గావ్ తీసేసి, తెగుళ్లను తట్టుకునే కొత్త రకం నాటడం. రెండు, పైన మరీ నిటారుగా ఉన్న అర హెక్టారు మెట్లతోటను వదిలేయడం. మూడు, తీపి వైన్ తగ్గించి, తీపి లేని రీస్లింగ్ ఎక్కువ చేయడం. "నేను బతికుండగా జరగదు" అని ఆయన లేచి వెళ్లిపోయారు.

అయినా కిందటి కోతకు ఒక పీపా ఆమెకు అప్పగించారు. వెయ్యి లీటర్ల పాత ఓక్ పీపా, అక్కడివారు ఫూడర్ అంటారు. అందులోని రసాన్ని ఆమె, పులియబెట్టడానికి కొని వేసే ప్యాకెట్ ఈస్ట్ వేయకుండా, దానంతట అదే పులిసేలా వదిలారు. ఫిబ్రవరిలో తండ్రికి గుండె శస్త్రచికిత్స అని హైదరాబాదు వచ్చి మూడు వారాలు ఉండిపోయారు. తిరిగి వెళ్లేసరికి మామగారు ఆ పీపాలో ప్యాకెట్ ఈస్ట్ వేసి పులియడం ముగించేశారు. "ఆగిపోయింది, పాడైపోయేది, కాపాడాను" అన్నారు. భర్తకు అంతా తెలుసు. రోజూ ఫోనులో మాట్లాడుతూ కూడా చెప్పలేదు.

ఇప్పుడు జర్మనీలోనే ఫాల్స్ ప్రాంతంలోని ఒక పెద్ద వైన్ సంస్థ ఆమెను సెల్లార్ (వైన్ పులిసే నేలమాళిగ) బాధ్యురాలిగా రమ్మంటోంది. ఇక్కడ మన దేశంలో ఆమె తల్లి బంధువులకు "మా అమ్మాయి పండ్ల మీద పరిశోధన చేస్తోంది" అని చెబుతారు. వైన్ అన్న మాట ఎత్తరు. "వెళ్లిపోవాలా, ఉండి పోరాడాలా? నేను ఈ ఇంటికి కోడలినా, కూలీనా, వైన్ చేసే మనిషినా?" అని ఉత్తరం ముగించారు.

సమాధానం:

మీ పదకొండు పేజీల్లో ఫాల్స్ ఉద్యోగం గురించి ఉన్నవి నాలుగు వాక్యాలు. పీపా గురించి ఉన్నవి రెండు పేజీలు. ఆ పేజీల్లో అక్షరాలు కూడా పెద్దవయ్యాయి. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మామగారు చేసిన పనిలో రెండు పనులు కలిసి ఉన్నాయి. వాటిని విడదీసి చూడకపోతే మీకు కోపం తీరదు, ఆయనకు తప్పు తెలియదు. మొదటిది సెల్లార్ పని. చలికాలంలో నేలమాళిగ చల్లబడినప్పుడు, దానంతట అదే పులుస్తున్న రసం మధ్యలో ఆగిపోవడం మామూలే. కొందరు వసంతం దాకా ఆగుతారు, ఎండ కాసి మాళిగ వేడెక్కితే మళ్లీ కదులుతుందని. కొందరు ఆగలేరు, చెడు సూక్ష్మజీవులు చేరతాయని భయపడతారు. రెండు భయాల్లోనూ న్యాయం ఉంది. వెయ్యి లీటర్లంటే ఇంచుమించు పదమూడు వందల సీసాలు. మంచు కాపును మింగేసిన ఏడాది తర్వాత ఆ సీసాల విలువ ఆయనకు ఎంతగా కనిపించి ఉంటుందో మీరు నాకన్నా బాగా ఊహించగలరు. సెల్లార్ లెక్కలో ఆయన తప్పు చేశారని నేను అనలేను.

రెండోది మనిషితో వ్యవహారం. మీకు ఫోను చేయలేదు. "ఆగిపోయింది, ఏం చేద్దాం?" అన్న ఒక్క మాటకు నిమిషం కూడా పట్టదు. ఆసుపత్రి వరండాలో ఉన్న మీకు ఇబ్బంది కలిగించకూడదని ఊరుకున్నారేమో. లేదా అడగవలసిన అవసరమే ఆయనకు తోచలేదేమో. ఏదైనా సరే, మీకు అప్పగించిన పీపాను మీకు తెలియకుండా వెనక్కి తీసుకున్నారు. ఇది తప్పు. దీన్ని ఆయనతో మాట్లాడేటప్పుడు ఈస్ట్ ఊసే ఎత్తవద్దు. ఎత్తారంటే నలభై ఏళ్ల అనుభవం ఉన్న మనిషితో ఈస్ట్ మీద వాదనలో పడతారు, అసలు విషయం జారిపోతుంది. "నన్ను అడగకుండా ఎందుకు చేశారు?" అన్న ప్రశ్న దగ్గరే నిలబడండి.

ఒక సంగతి మీకు తెలిసే ఉంటుంది, కోపంలో మరిచిపోయి ఉంటారు. మీరు చేయబోయినది మోజెల్‌కు కొత్త కాదు. ప్యాకెట్ ఈస్ట్ రాకముందు ఆ లోయలో ప్రతి ఫూడరూ అలాగే పులిసేది. మీ మామగారి తాత చేసింది అదే. మీరు దాన్ని "నా పద్ధతి" అన్నారు, ఆయన దాన్ని "చదువుకున్నవాళ్ల ప్రయోగం" అన్నారు. మీ ఇద్దరిలో ఒక్కరైనా దాన్ని "తాతగారి పద్ధతి" అని ఉంటే ఆ పీపా దగ్గర మాటలు ఇంకోలా సాగేవి.

ఇక మామగారి సంగతి. ఆయనను మొండివాడని మీరు ఆరుసార్లు రాశారు. ఆయన నడిచి వచ్చిన దారిని ఒకసారి చూడండి. ఆయన 30 ఏళ్ల లోపు వయసులో ఉండగా, 1985లో, ఆస్ట్రియా వైన్లలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం కలిపారన్న కుంభకోణం బయటపడింది. కొన్ని జర్మన్ సంస్థలు ఆ వైన్‌ను తమ సీసాల్లో కలిపి అమ్మాయని తేలింది. తప్పు చేయని చిన్న రైతుల సీసాలు కూడా అమ్ముడుపోని రోజులు అవి. మీ చదును నేలలోని ముల్లర్-తుర్గావ్ కూడా ఒకప్పటి "కొత్త రకమే" కదా. త్వరగా పండుతుంది, ఎక్కువ కాస్తుంది అని ఆయన తండ్రి కాలంలో నాటింది. చవక తీపి వైన్ల వెల్లువలో దాని ధర పడిపోవడం ఈయన చూశారు. ఇప్పుడు మీరు వచ్చి "దాన్ని పీకి ఇంకో కొత్త రకం వేద్దాం" అంటే ఆయన చెవికి ఏమి వినిపించి ఉంటుంది?

మోజెల్‌లో ద్రాక్ష సాగు 1990ల మొదట్లో 12,000 హెక్టార్ల పైన ఉండేది. ఇప్పుడు 8,500 దరిదాపుల్లో ఉంది. పోయినదాంట్లో ఎక్కువ భాగం నిటారు వాలులే. ట్రాక్టరు ఎక్కని చోట, ఒంటిపట్టా రైలు పెట్టెలో ఎరువూ బుట్టలూ ఎక్కించుకునే చోట, చదును నేలకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ గంటలు మనిషి ఒళ్లు వంచాలి. మందు చల్లడానికి హెలికాప్టర్, ఇప్పుడు డ్రోన్ రావాలి. తన ఈడువాళ్లు ఒక్కొక్కరే ఆ వాలులు వదిలేస్తే ముళ్లపొదలు ఎలా కమ్ముకున్నాయో, రాతి గోడలు ఎలా జారిపోయాయో ఆయన ఇంటి కిటికీలోంచి చూస్తూ వచ్చారు. ఆయన వదలలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నొచ్చుకోవద్దు. మేడ్చల్‌లో కడీలు పీకిన రోజు మీ నాన్న గట్టు మీద కూర్చున్నారని రాశారు. ఆ రోజు గురించి రాసిన పేరాలో మీ చేతిరాత మారిపోయింది. ఆ తోట పోయినందుకే మీరు ఈ చదువు చదివారని, ఈ ఇంట్లో ఎనిమిదేళ్లుగా ఓర్చుకున్నారని నాకు అనిపిస్తోంది. అయితే ఈ ఇంట్లో "అర హెక్టారు వదిలేద్దాం" అన్న మాట మొదట వచ్చింది మీ నోట. మీ లెక్క సరైనదే కావచ్చు. గంటల కూలీని సీసాల ధరతో భాగిస్తే ఆ మెట్లతోట నష్టమే తేలుతుందేమో. కానీ ఆ మాట విని లేచి వెళ్లిపోయిన మనిషిలో మీ నాన్న మీకు కనిపించలేదా? ప్లాట్లవాళ్లు వచ్చి "ఎకరానికి ఇంత గిడుతుందా మీకు?" అని అడిగినప్పుడు మీ నాన్న ముఖం ఎలా ఉండి ఉంటుందో, ఆ రోజు మీ మామగారి ముఖం అలాగే ఉండి ఉంటుంది.

అందుకే మీ మూడు ప్రతిపాదనలనూ ఒకే పూట, ఒకే ఊపిరిలో పెట్టడం పొరపాటనుకుంటున్నాను. వాటి బరువులు వేరు.

తీపి లేని రీస్లింగ్ పెంచడం తేలిక. తీగను ముట్టుకోనక్కర లేదు. ఒక ఏడాది నచ్చకపోతే మరుసటి ఏడాది తగ్గించవచ్చు. చర్చ ఇక్కడ మొదలైతే ఆయనకూ ఒప్పుకునే వీలుంటుంది.

ముల్లర్-తుర్గావ్ తీసేయడం మధ్యరకం నిర్ణయం. కొత్త మొక్క కాపుకు రావడానికి మూడో ఏడు రావాలి, అంతదాకా ఆ నేల నుంచి రాబడి ఉండదు. దీని మీద మీతో ఒక పేచీ ఉంది నాకు. తెగుళ్లను తట్టుకునే ఆ కొత్త రకాలు బూజు తెగుళ్లను తట్టుకుంటాయి, మందు పిచికారీలు బాగా తగ్గుతాయి. మంచును మాత్రం అవి ఆపలేవు. మీరు ఆ ప్రతిపాదన తెచ్చింది మంచుదెబ్బ తర్వాత. చల్లగాలి బరువైనది, రాత్రి వాలు మీది నుంచి జారి పల్లంలో, అంటే సరిగ్గా మీ చదును నేలలో నిలుస్తుంది. అక్కడ త్వరగా చిగురించే రకం నాటితే, 2024లో లాగా వెచ్చటి మార్చి తర్వాత చలి ఏప్రిల్ వస్తే, చిగురు మళ్లీ మాడిపోతుంది. మీ మామగారు ఈ మాట అని ఉంటే మీరేమి జవాబు చెప్పేవారు? ఎంచుకునే రకం ఎప్పుడు చిగురిస్తుందో తేల్చుకోండి. బెర్న్‌కాస్టెల్-క్యూస్‌లోని రాష్ట్ర ప్రభుత్వ ద్రాక్ష సలహా కేంద్రం వారిని మీ నేలకే తీసుకొచ్చి అడగండి. మూడో మనిషి చెబితే ఇంట్లో అది కోడలి మాటగా కాక తోట సంగతిగా వినిపిస్తుంది.

మెట్లతోటను వదలడం వెనక్కి తిరగని నిర్ణయం. గోడ ఒకసారి జారితే మళ్లీ పేర్చే మనిషి దొరకడు. దీన్ని ఇప్పటికి పక్కన పెట్టమని నా మనవి. ఎప్పటికీ పెట్టమనడం లేదు, ఇప్పటికి. ఆ వాలు ఎందుకు విలువైనదో మన పాఠకుల కోసం రెండు ముక్కలు చెబుతాను. మనం చిన్నప్పుడు అక్షరాలు దిద్దిన మార్కాపురం పలక ఏ జాతి రాయో, ఆ కొండలదీ అదే జాతి. పగలంతా ఎండను పీల్చుకుని రాత్రికి వదులుతుంది. కింద నది వెలుతురును వాలు మీదికి కొడుతుంది. ఉత్తరాన 50వ అక్షాంశం దగ్గర, ఆలస్యంగా పండే రీస్లింగ్ ముగ్గుతోందంటే ఆ రాయి, ఆ ఏటవాలు, ఆ నీరు కలిసి చేస్తున్న పని అది. మేడ్చల్‌లో తీగకు నిద్ర లేదు కాబట్టి ఏడాదికి రెండు కత్తిరింపులు వేసి ఒక కాపు తీస్తారు. అక్కడ తీగ నాలుగైదు నెలలు నిద్రపోతుంది. రెండు చోట్లా కత్తెర పట్టిన మనిషి మీరు. మీ మామగారికి లేని చూపు మీకు ఒకటి ఉంది. ఆ సంగతి మీ ఉత్తరంలో ఎక్కడా రాసుకోలేదు మీరు.

ఇప్పుడు కాగితాల సంగతి. అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది ఇదే. మా తాతగారు బీరువా తాళంచెవి మొలతాడుకే కట్టుకుని పోయారు. మాటల్లో అందరికీ అన్నీ పంచి ఇచ్చారు, కాగితం మీద ఒక్క గీత పెట్టలేదు. ఆ తర్వాత ముగ్గురు కొడుకులు ఒక బోరుబావి కోసం నాలుగేళ్లు మాట్లాడుకోలేదు. ఎదుటివారి మనసు మంచిదని కాగితం వాయిదా వేసిన ఇల్లు ఏదైనా నాకు ఆ బోరుబావే గుర్తుకొస్తుంది.

మీ మామగారు రేపు ఏ రాతా లేకుండా కన్నుమూస్తే, అక్కడి మామూలు వారసత్వ చట్టం ప్రకారం సగం అత్తగారికి, మిగిలిన సగంలో సగం మీ భర్తకు, సగం ఆడపడుచుకు వస్తుంది. అంటే ఎనిమిదేళ్లు ఒళ్లు వంచిన మీ భర్త చేతికి నాలుగో వంతు. ముఖ్యమైన ఏ నిర్ణయానికైనా ముగ్గురూ కలిసి సంతకం పెట్టాలి. వీలునామాలో ఆడపడుచుకు ఏమీ రాయకపోయినా, చట్టం ఇచ్చే వాటాలో సగం విలువను డబ్బుగా అడిగే హక్కు ఆమెకు ఉంటుంది. అది చెల్లించడానికి ఏ తోట అమ్మాలి? మీ సంగతి ఇంకా సన్నం. తండ్రి నుంచి మీ భర్తకు వచ్చే ఆస్తి మీ ఉమ్మడి సంపాదనగా లెక్కకు రాదు. పొరపాటున రేపు మీరిద్దరూ విడిపోతే, దాని విలువ పెరిగినంత మేరకే లెక్కలోకి వస్తుంది. మీ ఎనిమిదేళ్ల చెమటకు కాగితం మీద ఈ రోజు వరకు ఉన్నది ఆ పూటలెక్క కూలీ ఒక్కటే.

మరొకటి కూడా తెలుసుకోండి. జర్మనీలో రైతు పింఛను రావాలంటే సాగును అప్పగించి తీరాలన్న నిబంధన చాలా కాలం ఉండేది. 2018లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. అంతకు ముందు తరం తండ్రులు ఇష్టమున్నా లేకున్నా ఒక వయసుకు కాగితం రాసిచ్చేవారు. మీ మామగారికి ఆ ఒత్తిడి లేదు. ఎవరూ అడగని పని ఆయన ఎందుకు చేస్తారు? ఎవరో ఒకరు అడగాలి. ఆ అడగవలసిన మనిషి మీరు కాదు, మీ భర్త.

నా మాటలో కాస్త కఠినం వస్తుంది ఇక్కడ. మీ ఉత్తరంలో మామగారి మీద తొమ్మిది ఫిర్యాదులు ఉన్నాయి, భర్త మీద ఒకటే ఉంది, అదీ సగం వాక్యంలో. మూడు వారాలు రోజూ మీతో మాట్లాడుతూ పీపా మాట దాచారు. తండ్రికీ భార్యకీ మధ్య నలిగిపోతున్నారని మీరు సమర్థించారు. నలిగిపోతుండవచ్చు. కానీ ఆయన మౌనం వల్ల ప్రతి వాదనా కోడలికీ మామకూ మధ్య వాదనగా మారుతోంది. అది నిజానికి కొడుకూ తండ్రీ మాట్లాడుకోవలసిన సంగతి. ముందు మీ ఇద్దరూ కూర్చోండి. "నువ్వు ఈ తోట తీసుకోవాలనుకుంటున్నావా?" అని సూటిగా అడగండి. ఆయన అవునంటారని మీరు అనుకుంటున్నారు, ఆయన నోట విన్నట్టు మాత్రం ఎక్కడా రాయలేదు. కాదనడానికి కూడా ఆయనకు చోటివ్వండి. అది తెలియకుండా కింద రాసే దారుల్లో దేన్నీ ఎంచుకోలేరు.

ఆయన అవునంటే మొదటి దారి, దశలవారీ అప్పగింత. మొదట మామగారి దగ్గర తోటను కౌలుకు తీసుకోవచ్చు, లేదా ముగ్గురూ కలిసి భాగస్వామ్య సంస్థ పెట్టవచ్చు. కొన్నేళ్ల తర్వాత నోటరీ దగ్గర అప్పగింత పత్రం. అందులో అత్తమామలకు ఆ ఇంట్లో జీవితాంతం ఉండే హక్కు, నెలకు ఇంత అన్న భరోసా రాయడం అక్కడి ఆనవాయితీ. వారికి అదే కొండంత ధైర్యం. పన్ను లెక్కలో కూడా కన్నబిడ్డకూ కోడలికీ చాలా తేడా ఉంది. తల్లిదండ్రులలో ఒక్కొక్కరి నుంచి బిడ్డకు పదేళ్లకు 4,00,000 యూరోల దాకా పన్ను లేకుండా రావచ్చు, కోడలికి 20,000 మాత్రమే. కాబట్టి భూమి భర్త పేరు మీదికే వస్తుంది. మీకు విడిగా భాగస్వామ్య వాటా గానీ, పింఛనుతో సహా సరైన ఉద్యోగ పత్రం గానీ అదే రోజు రాయించుకోండి, తర్వాత కాదు. ఆడపడుచును పిలిచి ఆమె వాటాకు ఎంత, ఎన్నేళ్లలో అన్నది ఆమె ముందే తేల్చండి. ఈ దారి నెమ్మది. రెండు మూడేళ్లు పట్టవచ్చు. అప్పులు కూడా మీ మీదికి వస్తాయి. ఇంకో మంచుదెబ్బ తగిలితే "నాన్న చూసుకుంటారు" అనడానికి ఉండదు. మీ ఊరి లెక్కలకు సరిపోయే పత్రం అక్కడి నోటరీ, రాష్ట్ర వ్యవసాయ మండలి సలహాదారులే రాయాలి. వ్యవసాయ కుటుంబాల్లో ఇలాంటి పేచీలను కూర్చోబెట్టి మాట్లాడించడానికి చర్చిలు నడిపే సలహా కేంద్రాలు కూడా జర్మనీలో ఉన్నాయి.

రెండో దారి, మీకంటూ ఒక చిన్న తోట. వయసు మీరి మానుకుంటున్న పొరుగువారి వాలులు ఆ లోయలో కౌలుకు దొరుకుతున్నాయని మీరే రాశారు. పావు హెక్టారుతో మొదలుపెట్టి, మీ పేరుతో, మీ లేబుల్‌తో ఒకటి రెండు పీపాలు చేయవచ్చు. తప్పయినా ఒప్పయినా అది మీదే. ఇందులో చిక్కు ఏమిటంటే, ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగించినట్టు అవుతుంది. మామగారు దీన్ని వేరుపడటంగా చూసే ప్రమాదం ఉంది. కోత రోజుల్లో ఎవరి ద్రాక్ష ముందు కోయాలన్న తగువు కూడా వస్తుంది. అందుకని మొదటి రోజే ఆయన దగ్గరికి వెళ్లి, ఏ వాలు తీసుకుంటే బాగుంటుందో ఆయననే చూపించమని అడిగితే ఎలా ఉంటుంది? ఆ లోయలో ఏ గోడ గట్టిదో, ఏ వాలున నీరు ఊరుతుందో చదువు చెప్పదు, ఆయన చెబుతారు.

మూడో దారి ఫాల్స్ ఉద్యోగం. దాన్ని ఓటమిగా రాశారు మీరు. నాకు అలా కనిపించడం లేదు. వైన్ ఇళ్లలో పుట్టిన పిల్లలే కొన్నేళ్లు వేరేచోట్ల పనిచేసి ఇంటికి తిరిగి రావడం అక్కడ మామూలు. పెద్ద సెల్లార్, క్రమమైన జీతం, మీ మాట చెల్లే చోటు. ఎనిమిదేళ్ల తర్వాత మీకు అది అవసరమే కావచ్చు. అయితే మూడు కోతలు అక్కడ గడిపేసరికి మామగారికి 72 ఏళ్లు వస్తాయి. మీరు లేని ఇంట్లో మాట తెగితే అది మీకు నచ్చినట్టు తెగకపోవచ్చు. శని, ఆదివారాల కాపురం మీ ఇద్దరి మౌనాన్ని ఇంకా పెంచవచ్చు, తగ్గించవచ్చు కూడా. వెళ్లేటట్టయితే కోపంలో వెళ్లవద్దు. ఎన్ని కోతలకు వెళుతున్నారో, ఏమి మారితే తిరిగి వస్తారో చెప్పి వెళ్లండి.

నాలుగోది, ఏదీ చేయకుండా ఇలాగే ఉండటం. అదీ ఒక నిర్ణయమే. దాని ఫలితం ఏమిటో పైన వాటాల లెక్కలో చెప్పాను.

నా మొగ్గు ఎటని అడిగితే దాచను. మీ భర్త అవునంటే మొదటి రెండు దారులూ కలిపి నడవవచ్చని నాకు తోస్తోంది. కాగితాలు నెమ్మదిగా సాగుతుండగా, మీ పావు హెక్టారులో మీరు ఊపిరి పీల్చుకుంటారు. ఆయన కాదన్నా, మరో ఏడాది నోరు మెదపకపోయినా, ఫాల్స్ మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. కానీ ఆ ఇంటి గాలి మీకు తెలుసు, నాకు తెలియదు.

కోడలినా, కూలీనా, వైన్ చేసే మనిషినా అని అడిగారు. మామగారి నమ్మకం గెలవాలని ఎనిమిదేళ్లుగా చూస్తున్నారు. నమ్మకం ఆయన మనసులో పుట్టవలసినది, మీరు అడిగితే వచ్చేది కాదు. ఏ పీపా ఎవరిది, ఎవరిని అడగకుండా ఎవరు దేన్నీ ముట్టకూడదు అన్నది మాత్రం అడిగి రాయించుకోవచ్చు. ఒక తెల్లకాగితం మీద, మామగారి సంతకంతో, సెల్లార్ గోడకు. రాబోయే కోతకు ముందే ఆ పని చేయవచ్చు, దానికి నోటరీ అక్కర లేదు.

అమ్మగారి విషయం. ఆవిడ పండ్ల పరిశోధన అని చెప్పుకుంటే చెప్పుకోనివ్వండి. మన ఇళ్లలో మందు అన్న మాట చుట్టూ ఉన్న కన్నీళ్లు ఊరికే పుట్టినవి కావు. ఆ మాట ఎత్తడానికి ఆవిడకు భయం ఉంటే దానికి కారణం ఉంది. ఆవిడను గెలవడం మీ పనుల జాబితాలో పెట్టుకోవద్దు. నాన్న సంగతి వేరు. తీగను కత్తిరించిన చేతులు ఆయనవి. కోలుకున్నాక, వైద్యులు ప్రయాణానికి ఒప్పుకుంటే, సెప్టెంబరు చివర కోతకు పిలవండి. వాలు ఎక్కనక్కర లేదు, నది ఒడ్డున చదును నేల ఉంది కదా. మీ మామగారికి తెలుగు రాదు, మీ నాన్నకు జర్మన్ రాదు. ద్రాక్ష గుత్తి చేతిలోకి తీసుకుని పండిందో లేదో చూడటం ఇద్దరికీ వచ్చు.

చివరగా ఒక ప్రశ్న. ఆ పీపా గురించి రెండు పేజీలు రాశారు కానీ, అందులో వైన్ ఎలా తేలిందో ఎక్కడా రాయలేదు. రుచి చూడలేదనుకుంటున్నాను. సీసాల్లోకి ఎక్కించకముందే ఒక సాయంత్రం రెండు గ్లాసులు పట్టుకుని మామగారితో కలిసి కిందికి దిగండి. రుచి చూశాక నాకు రాయండి.